నీలం పోగు

గంజి పెట్టిన నూలు ఎండలో ఆరుతుంటే వచ్చే పుల్లటి వాసన గద్వాలలో ఇప్పటికీ ఏదో ఒక సందులో ఎదురవుతుంది. ఎదురైనప్పుడల్లా నాకు మగ్గం కాదు, మా సత్తెమ్మత్త కుడిచేతి బొటనవేలు గుర్తుకొస్తుంది.

సత్తెమ్మత్త మా నాన్న చెల్లెలు. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. మా చీరకు ఒళ్ళంతా నూలు, కొంగు పట్టు. ఆ రెండింటి పోగులను ఒక్కొక్కటిగా కలపడం ఆమె పని. బూడిదలో వేళ్ళద్దుకుని, రెండు పోగులూ పక్కపక్కన పట్టి, బొటనవేలితో ఒక్కసారి మెలిపెడితే అతుకు ఎక్కడుందో కంటికి దొరికేది కాదు. వేసవి మధ్యాహ్నాలు నేను మగ్గం గుంటలో కూర్చుని, రాలిన పోగులు ఏరి, ఎరుపు, పసుపు, నెమలికంఠం అని వేరుచేసి అగ్గిపెట్టెల్లో దాచేవాణ్ణి. వంటింట్లోంచి రొట్టె తట్టే చప్పుడు, పైనుంచి అత్త పాట వినబడుతుండేవి.

"ఈ ఇంట్ల నేను తినే బువ్వ నా వేళ్ళే సంపాదిస్తున్నయ్‌రా" అనేది నవ్వుతూ.

ఒక ఏడు, బడులు తెరిచే ముందు, తొలివానల్లో అందరం గోకర్ణం పోయాం. సముద్రం అంతకుముందు ఎవరం చూడలేదు. పులిహోర, సజ్జరొట్టెలు, పల్లీల పొడి ఇసుకలో కూర్చుని తింటుంటే, తడి ఒడ్డు వెంట నడుస్తున్న అత్త ఆగింది. కెరటం వదిలిపోయిన చిన్న నీలిబుడగ, దాని వెనక బారెడు పొడవున వెంట్రుకంత సన్నని నీలిపోగులు.

"అన్నా, గిసొంటి నీలం మన రంగులాయన ఎన్నిసార్లు ముంచినా ఎక్కదు!"

"సముద్రానికొచ్చినా పోగులేనా నీకు! జర బువ్వ తిను ముందు."

ఆమె వంగి, మగ్గం దగ్గర చేసినట్టే, పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగి చూసింది.

"మండుతుందన్నా! అగ్గి పట్టుకున్నట్టుంది!"

అంటుకున్నదేదైనా ఇసుకతో పోతుందని నాన్న ఆ వేళ్ళను గట్టిగా రుద్దాడు, సీసాలోని మంచినీళ్ళు పోశాడు. రుద్దినకొద్దీ అత్త అరుపు పెరిగింది.

ఫార్మసీ చదివాక నాకు తెలిసింది: అది జెల్లీచేపకు దగ్గరి చుట్టం. ఒడ్డున చచ్చిపడినా దాని పోగుల్లోని విషపు అరలు చావవు. ఒక్కో అరలో చుట్టిపెట్టిన సూది ఉంటుంది. రుద్దితే, మంచినీళ్ళు తగిలితే, అప్పటిదాకా పేలనివి కూడా పేలతాయి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, పోగులు ఏరేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ఉంచాల్సింది. ఇప్పుడు తెలిసి ఏం లాభం.

కొరడా వాతల్లాంటి ఎర్రటి గీతలు లేచాయి. ఇల్లు చేరేసరికి బొబ్బలు. పెళ్ళిళ్ళ చీరలు ఆగాయని ఆమె పచ్చి పుండ్ల మీదే బూడిద అద్దుకుని కూర్చుంది. "గదే మానుతది తియ్" అంది. చీము పట్టాక గానీ దవాఖానకు పోలేదు. మానిన చోట చర్మం నల్లబడి, గట్టిపడి, గరుకు తేలింది. పట్టు తగిలితే పీచు లేచి తెగేది. నూనె రాసింది, వెన్న రాసింది, రాయితో అరగదీసింది. ఒకరోజు కొంగు సగంలో వదిలేసి లేచిపోయింది. ఆ పూట అమ్మ పిలిస్తే "ఆకలైతలేదు వదినా" అంది. ఆ తర్వాత ప్రతిపూటా అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిందే తినేది.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు. గుంట పూడ్చి, బండలు పరిచి, అక్కడ నా బైకు పెడుతున్నాం. పాట లేదు, అగ్గిపెట్టెలు లేవు. పోయిన నెల చర్మానికి మందు తెస్తే అత్త మూత కూడా తీయలేదు.

"పట్టే లేదు గదరా ఇంట్ల. వేళ్ళు మెత్తగైతే ఏం జేసుకోవాలె?"

నిన్న అమ్మ దుకాణంలో కొన్న కొత్త చీర తెచ్చి చూపింది. అత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి, పట్టు కొంగుకు చెంప ఆనించి చూసింది.