నేల మీద పాకిన ఘాటు

మా ఇంట్లో మిరపకాయలు మాడి ఘాటు లేస్తే అందరం నేల మీద చతికిలబడతాం. పొగతో పాటు ఘాటు పైకి పోతుంది, కింద కాస్త గాలాడుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇది నేర్పింది మా పెద్ద తోటికోడలే. నా భుజం పట్టి కిందికి లాగి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టి, "ఇప్పుడు దగ్గవే చూద్దాం" అని నవ్వింది.

ఏటా పండిన మిరపకాయలు అమ్మేశాక కొట్టుగది కడగడం మా ఇద్దరి పని. కిందటేడు గచ్చు మీద ఎర్ర మరకలు పోలేదని ఆవిడ బ్లీచింగ్ పౌడర్ చల్లింది. అప్పటికీ పోకపోయేసరికి బాత్‌రూమ్ యాసిడ్ సీసా తెచ్చి దాని మీదే ఒంపింది. నేను నీళ్ళ బకెట్టుతో గుమ్మంలో ఉన్నాను. బుసబుసా నురగ వచ్చింది. ఆ వెనకే పసుప్పచ్చటి పొగ.

"అక్కా, బయటికి రా!"

"మిరపకాయల్లో పుట్టినదాన్నే, ఇదొక లెక్కా నాకు?" అంది దగ్గుతూనే. చెంగు ముక్కున పెట్టుకుని, అలవాటు కొద్దీ నేల మీద కూర్చుంది.

ఆ పొగ పైకి లేవలేదు. గచ్చు మీదే పాకింది. నా కేకలకి బావగారు వచ్చి ఈడ్చుకొచ్చేసరికి ఆవిడకి స్పృహ లేదు.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. "ఆ పౌడర్లో క్లోరిన్ ఉంటుందమ్మా. యాసిడ్ తగిలితే బయటపడుతుంది. గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. లేచి పరిగెత్తాల్సింది."

తడి ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుంటుందట, కన్నూ గొంతూ ఊపిరితిత్తులూ. మనం తినే ఉప్పులోనూ అదే ఉందట, కాకపోతే అక్కడ ఇంకోదానితో కలిసిపోయి ఊరుకుంటుందట. నేను తలూపాను. ఏడుపు రాలేదు. ఆవిడ ముక్కుకి పెట్టిన గొట్టం వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ ఇంటికైతే వచ్చింది. మిరప ఘాటు దగ్గరికి పోవద్దన్నారు. మా ఊళ్ళో ఆడవాళ్ళకి కాయలు కోయడం, ఏరడం తప్ప వేరే పనేముంది?

ఈ ఏడు కల్లంలో కాయలు పోశాక వచ్చి నా పక్కన కూర్చుంది.

"వద్దక్కా."

"నోర్మూసుకుని ఏరవే."

తెల్లబారిన తాలుకాయలు గుప్పెడు ఏరిందో లేదో దగ్గు మొదలైంది. ఆగలేదు. లేచి, చీర దులుపుకుని, గాలి వచ్చే వైపు గట్టు మీదికి పోయి నిలబడింది. పనిలో ఉన్నవాళ్ళెవరూ తలెత్తలేదు. ఆవిడ ముందున్న కాయలు నా వైపు లాక్కుని ఏరుతూ ఉండిపోయాను.