శామ్యూల్‌కు రెండు నిమిషాల మౌనం

నేను ఒక మనిషిని చంపాను. కంగారుపడకండి, ఫోన్లోనే. కానీ ఆ నేరం ఇంకొకరి నెత్తిన పడుతుంటే నోరు విప్పలేదు. ఆరేళ్లు దాచిన ఆ ఘోరం ఇవాళ చెప్పేస్తాను.

బేగంపేటలో మా ఆఫీసు. పక్క సీటు శామ్యూల్ ఏటా వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థ కూడికకు ఫొటోతో కార్డు పంపుతాడు. తండ్రీకొడుకులు ఒకే అచ్చు: అదే బట్టతల, అదే మీసం. ఆరేళ్ల కిందట మెట్రోలో వేలాడుతూ ఫొటో చూశాను, అక్షరాలు చూడలేదు. వెంటనే అడ్మిన్ స్వరూప గారికి ఫోన్ కొట్టాను.

"శామ్యూల్ ఇక లేడండీ! ఆఫీసు గ్రూపులో పెట్టండి."

"అయ్యో! పక్కానా సార్?"

"ఫొటో నా చేతిలో ఉంది!"

రోగం లేదు, నొప్పి లేదు, మనిషికి సంతాపసభ!

పదకొండింటికి మీటింగ్ హాల్లో శామ్యూల్ ఫొటోకు దండ, మాకు మౌనం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. దండలోంచి ఒక చామంతి రాలింది. అంతలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. చీకట్లో ముప్పై తెరల మీద ఒకటే పేరు: శామ్యూల్.

"నేను యాడికి పోలే. కిందనే ఉన్న. పైకొస్తున్న."

మెట్ల మీద చెప్పుల చప్పుడు... ఒక్కో అంతస్తూ ఎక్కుతోంది. తలుపు కిర్రుమంది.

"ఏందీ, నాకు దండేంది?"

మేనేజర్ కుర్చీ చాటుకు జరిగారు. "శామ్యూల్... టిఫిన్ చేశావా?"

"ఏడ చేయనిస్తుండ్రు సార్? శవాన్ని ఎన్నింటికి తీస్తరని మా ఆవిడకు పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు!"

కరెంటు వచ్చింది. మేనేజర్‌కు ధైర్యమూ వచ్చింది. "ఈ కబురు నీకెవరు చెప్పారు స్వరూపా?"

ఆమె నా వైపు చూశారు. నేను చామంతి వైపు చూశాను.

"కనుక్కోకుండ పెట్టిన, నాదే తప్పు సార్," అన్నారామె.

ఆ నెల ఆమెకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. 'బతికున్నోళ్లను చంపే మేడం' అన్న పేరు మాత్రం మిగిలింది.

పోయిన వారం ఒక పొద్దున ఇంట్లో కూర్చుని, గుండె చిక్కబట్టుకుని, జరిగిందంతా రాసి, కింద నా పేరు పెట్టి గ్రూపులో వేశాను. నిమిషంలో మొదటి జవాబు: "ఓం శాంతి." ఆ వెనకే ముప్పై దండం బొమ్మలు. ఒక్కడూ చదవలేదు; చావు మాటా కింద నా పేరూ చూసి దండం పెట్టేశారు!

వెంటనే స్వరూప గారి ఫోన్. "సార్, ఉన్నరా?"

"ఉన్నానండీ."

"మంచిది. ఈసారి కనుక్కొని ఏడుద్దామని చేసిన."

ఇకపై ఏ మరణవార్తనైనా సదరు మృతుణ్ణి స్వయంగా అడిగాకే ప్రకటిస్తానని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత లేచి ఆఫీసుకు పోయి, అందరూ చూస్తుండగా ఆమె సీటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఆ రోజు మీకు చెప్పింది నేనే. మీరు నా వైపు చూసినప్పుడు నోరు మూసుకున్నదీ నేనే. క్షమించండి స్వరూప గారూ."