రోజూ వచ్చేటోడు బద్ధకస్తుడు కాదు

మోచేతి మడతలో స్పిరిట్ తడిపిన దూది చల్లగా తగిలి, ఆ ఘాటు వాసన ముక్కుకు చేరిందంటే నేను ఉన్నచోట ఉండను. మొన్న ఉదయం కూడా అంతే. నేను ఎస్సైగా పనిచేస్తున్న ఈ చిన్న పట్టణంలో, ఏడాదికోసారి చేయించుకునే థైరాయిడ్ పరీక్ష కోసం ల్యాబులో చెయ్యి చాపి కూర్చున్నాను. రక్తం తీసే అమ్మాయి నా యూనిఫాం చూసి జంకుతూ, ఉదయం టాబ్లెట్ వేసుకున్నారా అని అడిగింది. రక్తం ఇచ్చాకే వేసుకుంటానని చెప్పాను. మగవాళ్లు ఈ పరీక్షకు తక్కువగా వస్తారు సార్ అంది. నేను నవ్వాను కానీ, నా మనసు అప్పటికే హైదరాబాదు చేరిపోయింది. నారాయణగూడలో ఒక ఇరుకు మెట్ల పక్కన చెక్క బల్ల. దాని మీద నేను, నా పక్కన మాణిక్యమ్మ టీచర్.

మాణిక్యమ్మ గారిది చిక్కడపల్లి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లకు పైగా ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి. నూలు చీరను చీలమండల పైకి కట్టి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మా వయసు వాళ్లు అందుకోలేనంత వేగంగా నడిచేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం చేతకాక, తెల్లవారగానే అడిక్‌మెట్ మీదుగా విశ్వవిద్యాలయం మైదానానికి వచ్చేవారు. పోలీసు ఉద్యోగాలకు తయారవుతూ అక్కడ పరుగెత్తే హాస్టల్ పిల్లలకు తనంతట తానే శిక్షకురాలయ్యారు. ఆమెను ఎవరూ పిలవలేదు, ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మెడలో స్టాప్‌వాచ్, చంకలో పొడుగాటి నోటుబుక్కు ఉండేవి. మాలో ప్రతి ఒక్కరికీ ఆ పుస్తకంలో ఒక పేజీ. ఏ రోజు ఎంత దూరం ఎంతసేపట్లో పరుగెత్తామో అందులో రాసేవారు.

నేను 2010లో దేవరకొండ దగ్గరి మా పల్లె నుంచి డిగ్రీ పట్టుకుని అశోక్‌నగర్ వచ్చాను. మూడో అంతస్తులో ఒక గది, అందులో నలుగురం. గోడల నిండా అట్లాసు కాగితాలు, కిటికీకి ఆరేసిన బట్టలు. నా మంచం పక్క మంచం శ్రీశైలంది. అతనే నన్ను మైదానానికి తీసుకెళ్లాడు. మొదటి రోజు నేను నాలుగు చుట్లు ఉరికి, అందరికంటే ముందొచ్చి, మెచ్చుకోలు కోసం ఆమె ముందు నిలబడ్డాను. ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండానే, "కాళ్లతోని మంచిగనే ఉరుకుతున్నవ్. చేతులు ఇంటికాడ పెట్టొచ్చినవా?" అన్నారు. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి నెల రోజుల పాటు చేతులు ఎలా ఊపాలో నేర్పారు. ఆ ఏడాది చివరికి ఆ పుస్తకంలో నాకంటే తక్కువ సమయం ఉన్నవాడు లేడు. ఎస్సై ఉద్యోగానికి ఐదు కిలోమీటర్ల పరుగు గండమని అందరూ భయపడుతుంటే నేను మాత్రం ధీమాగా ఉండేవాణ్ణి.

మరుసటి ఏడాది ఆ ధీమా నాకు తెలియకుండానే జారిపోయింది. ఏ రోజు మొదలైందో చెప్పలేను. ముందు నిద్ర వచ్చింది. రీడింగ్ హాల్లో పుస్తకం తెరిస్తే పావుగంటకే తల వాలిపోయేది. చదివిన పేజీ మళ్లీ చదవాల్సి వచ్చేది. తినేది తగ్గినా ప్యాంట్లు బిగుసుకున్నాయి. పిక్కలు పట్టేసేవి. గొంతు బొంగురుపోయి, ఫోనులో మాట్లాడుతుంటే మా అమ్మ ఎవరు నాయనా అని అడిగింది. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం ఉండేది. హాస్టల్ అన్నం అని ఒకరు, ఎవరినో ప్రేమించాడని ఒకరు. పట్నం గాలికి ఒళ్లు పెంచుకుంటున్నానని, ఇంటికొచ్చి ఊళ్లో ఏదైనా మందుల దుకాణంలో పనికి కుదురుకొమ్మని మా నాయన అన్నాడు. ఇవన్నీ విని విని, నాకు నేను బద్ధకస్తుణ్ణని తీర్మానించుకున్నాను. బద్ధకానికి మందు కష్టమే కదా అనుకుని ఇంకా ముందే లేచి, ఇంకా ఎక్కువ పరుగెత్తాను. ఎంత పరుగెత్తితే అంత వెనకబడ్డాను. ఒకరోజు ఆఖరివాడికంటే అర చుట్టు వెనక వచ్చాక, ఇక మైదానానికి వెళ్లడం మానేశాను.

వారం తిరగకుండా టీచర్ మా గదికి వచ్చారు. మగపిల్లల హాస్టల్లో మూడంతస్తులు ఎక్కి, తలుపు కొట్టకుండా నిలబడ్డారు. నడి వేసవి. గదిలో మిగతా వాళ్లు బనియన్లతో ఫ్యాను కింద ఉడికిపోతున్నారు. నేను గొంతు దాకా రగ్గు కప్పుకుని పడుకున్నాను. ఆమె నా మంచం అంచున కూర్చుని మణికట్టు మీద వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టారు. తర్వాత నా ముఖం వైపు, ఉబ్బిన కళ్ల కింది భాగం వైపు చాలాసేపు చూశారు. నేను దేనికీ పనికిరానివాణ్ణి టీచర్, నాది ఒట్టి బద్ధకం, నన్ను వదిలెయ్యండి అని చెప్పాను. ఆమె నోటుబుక్కు తెరిచి నా పేజీ నా ఒడిలో పెట్టారు.

"చూడు. మొన్న మానేసేదాంక మూడు నెలలల్ల ఒక్క దినం నాగా లేదు. దినాం వచ్చినవ్, వారం వారం ఎనకవడ్డవ్. బద్ధకమున్నోడు రానే రాడు యాదగిరీ. ఇది బద్ధకం కాదు, ఒంట్ల ఇంకేందో ఉన్నది. పొద్దుగాల నాతోని వచ్చి రక్తం ఇయ్యి."

ఆ పేజీలో నా మూడు నెలలు ఆమె గుండ్రటి అంకెల్లో ఉన్నాయి. అంతవరకు నేను ఓడిపోయిన రోజులనే లెక్కించుకున్నాను. వచ్చిన రోజులు లెక్కించినవాళ్లు ఎవరూ లేరు. అయినా వెంటనే ఒప్పుకోలేదు. ఏ పరీక్ష అని శ్రీశైలం అడిగితే థైరాయిడ్‌కు అన్నారామె. అది ఆడోళ్లకు వచ్చేది కదా అని గదిలో ఒకడు నవ్వాడు. గొంతులో ఆ గ్రంథి అందరికీ ఉంటుందని, ఉన్నది ఎప్పుడైనా పాడైపోవచ్చని ఆమె నెమ్మదిగా చెప్పారు. నా అసలు భయం అది కాదు. రోగమని కాగితం మీద పడితే రేపు ఉద్యోగానికి వైద్య పరీక్షలో తీసేస్తారేమోనని భయం. అదే చెప్పాను.

"కాగితం మీద లేకపోతే ఒంట్ల లేనట్టా?" అన్నారు టీచర్.

పొద్దున పరగడుపున సిద్ధంగా ఉండమని చెప్పి, ఆమె లేచి మెట్లు దిగిపోయారు.

మర్నాడు బంద్. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ ఏడాది బందులు మాకు కొత్త కాదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ల్యాబు షట్టరు సగమైనా తీస్తాడని ఆమె ముందే కనుక్కున్నారు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు నడిచి బయలుదేరాం. పరగడుపున, ఖాళీ రోడ్డు మీద, అరవై దాటిన మనిషి పక్కన ఇరవై నాలుగేళ్ల నేను రెండుసార్లు మూసిన దుకాణాల మెట్ల మీద కూలబడ్డాను. ఆమె తొందరపెట్టలేదు. రెండుసార్లూ నా పక్కనే కూర్చుని, నేను లేచినప్పుడు లేచారు. ఫ్లైఓవర్ కింద పోలీసులు మమ్మల్ని ఆపి ఎక్కడికని అడిగితే, "మా పిలగాడు జర నలతగున్నడు" అని మాత్రం చెప్పారు.

రక్తం ఇచ్చాక, చెయ్యి మడిచి ఆ చెక్క బల్ల మీద కూర్చున్నప్పుడు, ఇంత పట్టుదల ఎందుకు టీచర్ అని అడిగాను. తన బడిలో కళావతి అనే అమ్మాయి ఉండేదట. ఎనిమిదో తరగతిలో జిల్లా పోటీల్లో గెలిచి వచ్చింది. తొమ్మిదిలో మెల్లగా వెనకబడింది. లావయింది. గ్రౌండులో కూర్చుండిపోయేది.

"దినాం వచ్చేది పాపం. నేను అందరి ముందట బర్రె అన్న. టీముల్నుంచి తీసేసిన. శాన ఏండ్లకు వాళ్లమ్మ నారాయణగూడ మార్కెట్ల కలిసి చెప్పింది, అది థైరాయిడ్ అని. ఆ పిల్ల మళ్ల ఉరకలేదు."

అంతే చెప్పారు. చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, లేచి నాకు ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడటానికి వెళ్లారు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. నాలుగైదు దగ్గర ఆగాల్సిన అంకె నాకు అరవై దాటింది. దాన్ని చూసి నేను ఏడుస్తానని శ్రీశైలం అనుకున్నాడట. నాకు మాత్రం చెప్పలేనంత సంతోషం కలిగింది. ఒక జబ్బు ఉందని తెలిసి అంత ఆనందపడ్డ మనిషి ఇంకొకడు ఉంటాడో లేదో. నేను చేతకానివాణ్ణి కాదు. నా మెడలో ఒక చిన్న గ్రంథి పనిచేయడం లేదు, అంతే. ఆ కాగితాన్ని హాల్‌టికెట్టులా రెండుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు నారాయణగూడలోనే డాక్టరు గారు నన్ను కుర్చీ మీద మోకరిల్లమని చెప్పి, మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో కొట్టారు. పాదం కదిలి, తిరిగి తన చోటికి రావడానికి తాపీగా సమయం తీసుకుంది. చూశారా, మందు పడితే ఇది చురుగ్గా తిరిగొస్తుందన్నారు. ఉదయం పరగడుపున టాబ్లెట్, మంచినీళ్లతో. గంట దాకా టీ కూడా వద్దు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. బహుశా జీవితాంతం వేసుకోవాల్సి ఉంటుందని కూడా దాచకుండా చెప్పారు. పరుగు ఇప్పుడే వద్దని, ముందు నడక అని గట్టిగా అన్నారు.

పది రోజులకే నాకు పరుగెత్తాలనిపించింది. టీచర్ ఒప్పుకోలేదు. స్టాప్‌వాచ్ నా మెడలో వేసి, పుస్తకం నా చేతికిచ్చి, నీకు పరుగు లేదు, పని ఉందన్నారు. ఆరు వారాలు నేను మిగతావాళ్ల సమయాలు రాశాను. మొదట్లో అవమానంగా ఉండేది. తర్వాత తెలిసింది, గీత దగ్గర నిలబడి చూసేవాడికి ఎన్ని కనిపిస్తాయో. ఎవడు ముందురోజు అన్నం తినలేదో, ఎవడికి ఇంటి నుంచి కబురొచ్చిందో పరుగు చెప్పేసేది. ఈలోపు నాలోనూ మార్పు మొదలైంది. ఒక ఉదయం రగ్గు లేకుండా లేచాను. ఇంకో రోజు చదివిన పేజీ గుర్తుంది. ఫోనులో మా అమ్మ నా పేరు పెట్టి పిలిచింది. రెండో పరీక్షలో ఆ అంకె సగానికంటే కిందికి దిగింది. మోతాదు పెంచాక మూడో పరీక్షలో ఉండాల్సిన చోటికే వచ్చింది. వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఉదయం డాక్టరు గారు పరుగుకు సరేనన్నారు. ఆ రోజు నాలుగు చుట్లు పూర్తి చేసి గీత దాటితే, టీచర్ సమయం రాసి, అంకె కింద రెండు గీతలు గీశారు. ఆమె పుస్తకంలో అలాంటి గీతలు నేనెప్పుడూ చూడలేదు.

ఆ చలికాలంలో ఐదు కిలోమీటర్ల పరుగు జరిగింది. బయటివాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆమె గేటు బయట చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి రెండు కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా పరుగెత్తాను. మూడో దాంట్లో మునుపు పట్టేసే పిక్కల కోసం భయంతో ఎదురుచూశాను. అవి పట్టలేదు. అక్కడి నుంచి ఒక్కొక్కణ్ణి దాటుతూ పోయాను. ఆఖరి మలుపులో నాకు అరుపులేవీ వినిపించలేదు, నా ఊపిరి మాత్రం వినిపించింది, సాఫీగా. గడువుకు ఇంకా చాలా ఉండగానే గీత దాటాను. గేటు దగ్గరికి వెళ్తే టీచర్ చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుని నాడి చూశారు. "జోరుగ కొట్టుకుంటున్నది," అన్నారు, నవ్వుతూ. ఆమె కళ్లు తడిశాయి. నావీ.

వైద్య పరీక్షలో అడగకముందే నా రిపోర్టులన్నీ బల్ల మీద పెట్టాను. అక్కడి డాక్టరు వరుసగా చూసి, టాబ్లెట్ ఎప్పుడూ మానొద్దని చెప్పి, తగినవాడినని రాశారు. తర్వాత రాత పరీక్ష, ఫలితాలు. నా నంబరు ఉంది. మిఠాయి డబ్బాతో చిక్కడపల్లి వెళ్లి ఆమె కాళ్లకు దండం పెడితే, ఒక కోరిక కోరారు. నాతో అడిక్‌మెట్ రా, ఒకరిని కలవాలి, ఒక్కదాన్ని వెళ్లలేకపోతున్నాను అన్నారు.

కళావతి గారు అక్కడ కుట్టు మిషన్ల దుకాణం నడుపుతున్నారు. నలభై దగ్గరి మనిషి. టీచర్ గుమ్మంలోనే నిలబడి, నిన్ను ఆ మాట అన్నందుకు క్షమించమని అడగడానికి వచ్చానన్నారు. ఆవిడ కుర్చీ మీది గుడ్డలు తీసి, టీచర్‌ను కూర్చోమన్నారు.

"నేను మర్సిపోలేదు టీచర్. గని మా పిల్ల ఉరుకుతది. మీరు నేర్పుతరా?"

టీచర్ ఆ మర్నాటి నుంచే నేర్పారు. రెండేళ్ల తర్వాత, 2014లో, ఆ అమ్మాయి జిల్లా పోటీల్లో గెలిచిందని ఆమె నాకు ఫోను చేసి చెప్పినప్పుడు, ఆ గొంతులో వినిపించిన గెలుపు నా సెలక్షన్ రోజు కూడా వినలేదు. ఇప్పుడు ఆమె లేరు. ఆఖరి దాకా నడిచారని, మంచాన పడలేదని శ్రీశైలం చెప్పాడు.

నా ఉద్యోగంలో క్రమశిక్షణ కాగితాలు చాలా వస్తుంటాయి. డ్యూటీలో నిద్రపోయాడని, ఆలస్యంగా వచ్చాడని. వాటిలో నిజంగా బద్ధకస్తులూ ఉంటారు, వాళ్ల కాగితాల మీద సంతకం పెడతాను. కానీ పెట్టే ముందు హాజరు పట్టీ తెప్పించుకుని, మనిషి ఎన్ని రోజులు రాలేదో కాదు, ఎన్ని రోజులు వచ్చాడో చూస్తాను. పోయిన నెల ఒక కానిస్టేబుల్ నా ముందు తల వంచుకుని నిలబడ్డాడు. అతని కాగితం సిద్ధంగా ఉంది. పట్టీలో ఒక్క నాగా లేదు. కాగితం పక్కకు జరిపి, కుర్చీ చూపించి, ఒంట్లో ఎట్లుందని అడిగాను. ఆ మాట అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. కుర్చీ అంచున కూర్చుని, ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టాడు. నేను తొందరపెట్టలేదు.