మొక్కు లేని కొండ

హిమాలయాల్లో ఒక రోజంతా అడవిలో నడవాలన్న కోరిక నాకు పాఠాలు చెప్పగా చెప్పగా పుట్టింది. నేను విజయనగరంలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఎత్తు పెరిగేకొద్దీ అడవి ఎలా మారుతుందో, పైన్ చెట్లు ఎక్కడ మొదలవుతాయో, ఆ పైన ఓక్ చెట్ల నీడలో ఎర్రపూల రోడోడెండ్రాన్లు ఎలా పూస్తాయో ఏటేటా బోర్డు మీద కొండ బొమ్మ గీసి చెబుతూ వచ్చాను. ఆ చెట్లలో ఒక్కటీ నా కళ్ళతో చూసింది కాదు. ఓ చలికాలం మా స్కూలు లెక్కల టీచరు హిమాలయాల్లో ఉన్న అల్మోరా వెళ్ళొచ్చి, అక్కడికి దగ్గర్లో ఉన్న ఒక అభయారణ్యం ఫోటోలు ఫోన్‌లో చూపించింది. చెట్టు మొదలు నుంచి కొమ్మల దాకా నాచు పట్టి ఉంది. ఆ సాయంత్రమే మా అత్తవారి వైపు అందరినీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. వేసవి సెలవులు ఇవ్వగానే బయల్దేరదాం, ఒక రోజంతా అడవిలో నడుద్దాం అని రాశాను.

మొదటి వారం గ్రూపు పెళ్ళివారిల్లులా ఉంది. మా ఆడపడుచు అక్కడి గదుల్లో హీటరుంటుందా అని అడిగింది. వాళ్ళాయన పులి కనబడుతుందా అన్నాడు. చిరుతపులి ఉంటుందట అని నేను రాస్తే, అయితే ముందు ఎవరు నడుస్తారన్న దాని మీద ఒక పూటంతా నవ్వుకున్నారు. మా అమ్మాయి హాస్టల్ నుంచి బూట్ల ఫోటోలు పంపింది. నేను అక్కడ తమ ఇంట్లోనే గదులిచ్చే హోమ్‌స్టే ఆయనకి ఫోన్ చేసి, పదిమందికి పైగానే వస్తామని గొప్పగా చెప్పాను.

సంక్రాంతి దాటాక ఒక్కొక్కరే తప్పుకున్నారు. మా అమ్మాయికి పరీక్షల తేదీలు మారాయి. ఆడపడుచు ఇంట్లో పెళ్ళి కుదిరింది. వాళ్ళాయనది జీడిపప్పు వ్యాపారం, పిక్కలు రాలే కాలంలో కదలలేనన్నాడు. మా ఆయన కరెంటాఫీసులో పనిచేస్తారు, వేసవిలో సెలవు దొరకదని తేలింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పశువుల్ని ఎవరికి అప్పగించి రమ్మంటావని అడిగారు. ఎవరి కారణమూ కాదనలేను. హోమ్‌స్టే ఆయనకి ఫోన్ చేసినప్పుడల్లా నేను అంకె తగ్గిస్తూ పోయాను. చివరికి ఆయనే హిందీలో, "మేడమ్, ఇద్దరైనా నడవొచ్చు. అడవి ఏమీ అనుకోదు" అన్నాడు.

నాతో కలిపి ఇద్దరు కూడా లేరని నేను ఆయనకి చెప్పలేకపోయాను. ఇక మానేద్దామనుకున్నాను. ఆ మాట గ్రూపులో రాద్దామని ఫోన్ తీసిన రోజునే మా తోడికోడలు ఫోన్ చేసింది.

ఆవిడ మా బావగారి భార్య. నరసన్నపేట దగ్గర పల్లెలో మా అత్తగారితో పాటు ఉంటుంది. వరి, మినుములు, రెండు గేదెలు. నేను కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఆవిడని అక్కా అని పిలుస్తాను. కానీ మేమిద్దరం ఎప్పుడూ ఒక చోట తీరిగ్గా కూర్చున్నది లేదు. పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, వంటింట్లో పదిమంది మధ్య కలిసేవాళ్ళం. ఉప్పు అందించు, ఆ గిన్నె దించు, పిల్లలు తిన్నారా? మా మాటలు అక్కడితో సరి. గ్రూపులో ఆవిడ ఒక్క మాటా రాయలేదు. అందరి కింద బొటనవేలి బొమ్మ మాత్రం పెట్టింది. ఆవిడ గ్రూపులో ఉన్నట్టే నాకు గుర్తు లేదు.

"టికెట్లు తీసీసేవేటి?" అని అడిగింది.

"లేదక్కా. ఎవరూ రావట్లేదు కదా, మానేద్దామనుకుంటన్నాను."

"నాను వస్తానన్నాను కదా. ఏలు బొమ్మెట్టేను, సూళ్ళేదా?"

ఆవిడే మళ్ళీ అంది. "ఒలమ్మా, ఒక సంగతి సెప్పు. అక్కడ గుడేటైనా ఉన్నాదా? మొక్కేటైనా తీర్చాలా?"

"అలాంటిదేం లేదక్కా. అడవి, అంతే. నడవడం, చూడడం."

"అయితే తప్పకుండా వస్తాను" అంది. తర్వాత చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచి తను ఊరు దాటిందల్లా దేవుడి దగ్గరికో, ఆసుపత్రికో, చావుకో, పెళ్ళికో. ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి కోరుకోడానికే వెళ్ళింది. "ఏటీ అడక్కుండా ఒక్క సోటికి ఎల్లి రావాలని ఉన్నాది" అంది.

ఆ రాత్రే మా ఆయన మా ఇద్దరికీ టికెట్లు తీశారు. తను రాలేకపోతున్నందుకేమో, మా ఏర్పాట్లన్నీ నెత్తికెత్తుకున్నారు. రెండు రెయిన్‌కోట్లు కొని, ఒకదాని తర్వాత ఒకటి తొడుక్కుని, బాత్రూంలో షవర్ కింద నిలబడి చూశారు. ఒకదాని భుజం దగ్గర నీళ్ళు దిగితే మర్నాడే దుకాణానికి వెళ్ళి మార్చుకొచ్చారు. చలికాలం పోతూ పోతుండగా కోట దగ్గర పేవ్‌మెంట్ మీద మిగిలిన స్వెట్టర్లు అమ్ముతున్న నేపాలీ ఆవిడ దగ్గర మా ఇద్దరికీ చెరొకటి నేను కొని పెట్టాను. అక్కకి ముదురు ఎరుపు తీసుకున్నాను. ఆవిడకి ఏ రంగు ఇష్టమో నాకు తెలియదని కొనేటప్పుడే తట్టింది.

అక్కడ ఎక్కాల్సి ఉంటుంది కదా, ముందు ఒకసారి నడిచి చూసుకుందామని ఒక ఆదివారం అనుకున్నాం. అక్క ముందురోజే మా ఇంటికి వచ్చి పడుకుంది. పొద్దున్నే కొత్తవలస వెళ్ళి, అక్కడ కిరండోల్ పాసింజరెక్కి, ఘాట్ మధ్యలో ఒక చిన్న స్టేషన్లో దిగాం. అక్కడి నుంచి కొండమీది ఊరికి మట్టిదారి ఉంది. అక్క రోజూ పొలానికి నడిచే మనిషి, నేనే వెనకబడతానని భయపడుతూ బయల్దేరాను. తీరా చూస్తే మొదటి మలుపు తిరగకుండానే ఆవిడ ఒక బండ మీద కూర్చుండిపోయింది. చెమటలు పట్టేశాయి.

"ఏటక్కా?"

"పొలం గట్లు పైకెల్లవు కదే" అంది ఆయాసపడుతూ. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ నవ్వొచ్చింది. నేను స్కూల్లో రోజూ మూడంతస్తులు ఎక్కి దిగుతాను, అది పనికొచ్చిందన్నమాట. ఆ రోజు ఊరి దాకా వెళ్ళలేదు. ఆ బండ మీదే చపాతీలు తిని, తిరుగు రైలు వచ్చే దాకా కూర్చున్నాం. ఇక రాననేస్తుందేమో అనుకున్నాను.

ఆవిడ మానలేదు. ఆ మర్నాటి నుంచి వీలైనప్పుడల్లా బస్సెక్కి శాలిహుండం వెళ్ళి ఆ కొండ ఎక్కి దిగడం మొదలుపెట్టింది. పైన పాత బౌద్ధుల స్తూపాలున్నాయి, కింద వంశధార కనబడుతుంది. బస్సులో తెలిసినవాళ్ళు ఏ మొక్కని అడిగేవారట. మొక్కేమీ లేదంటే నమ్మేవారు కాదట. ఒకావిడైతే మీ ఆయనకేటైనా జబ్బేటని గుచ్చి గుచ్చి అడిగిందట. ఆ కబుర్లన్నీ సాయంత్రాలు ఫోన్‌లో చెప్పేది. నేను వంట చేసుకుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టి వినేదాన్ని. అలా ఆ ఫోన్ కోసం ఎదురుచూడడం నాకు అలవాటైంది.

ఇంట్లో అసలు పరీక్ష మా అత్తగారు. ఆవిడకి చెప్పిన రోజున నేనూ అక్కడే ఉన్నాను.

"ఏ దేవుడున్నాడే అక్కడ?" అన్నారు.

"ఏ దేవుడూ నేడత్తా" అంది అక్క.

"మరెందుకు ఎల్తన్నావు?"

"సూడ్డానికి."

అత్తగారు వాకిట్లోకి చూశారు. వద్దంటారనే అనుకున్నాం. "నాకు అలాటి బుద్ధి పుట్టలేదు. పుట్టినా ఎవులు పంపుతారు" అన్నారు. "ఎల్లి రండి. కాళ్ళు నొప్పెడితే పడుకునే ముందు ఆముదం రాసుకోండి." బావగారు అప్పటికే అక్క దగ్గర కుక్కర్లో అన్నం వండడం నేర్చుకుంటున్నారు. ఎన్ని కూతలకి దించాలో గోడ మీద బొగ్గుతో రాసుకున్నారు.

ఢిల్లీ దాకా ఒక రైలు, అక్కడి నుంచి కొండల అడుగు దాకా ఇంకో రైలు, ఆపైన టాక్సీ. టాక్సీ మలుపుల్లో నా పని అయిపోయింది. రెండుసార్లు దిగి వాంతి చేసుకున్నాను. అక్క నా తల ఒళ్ళో పెట్టుకుని, నిమ్మకాయ వాసన చూపిస్తూ, "దగ్గరికొచ్చీసేం, దగ్గరికొచ్చీసేం" అంటూనే ఉంది. ఎంత దూరముందో ఆవిడకీ తెలియదు.

మర్నాడు పొద్దున అడవి గేటు దగ్గర టికెట్లు తీసుకున్నాం. హోమ్‌స్టే ఆయన ఏర్పాటు చేసిన గైడు వచ్చాడు. అడవి లోపలి ఊరివాడే, నడివయసు మనిషి. గట్టిగా మాట్లాడొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు, నా వెనకే నడవండి అన్నాడు. అక్కకి హిందీ రాదు. కానీ ఆవిడ పుట్టిల్లు ఒడిశా సరిహద్దులో. వచ్చిన ఒడియాతో సగం పట్టేసి, మిగతా సగం ఊహించుకుని, నాకంటే ముందే తలాడించేది.

లోపల చల్లగా, నీడగా ఉంది. పైన్ చెట్లు వెనకబడ్డాయి, ఓక్ చెట్లు వచ్చాయి. కొమ్మల మీద నాచు, నాచులో చిన్న చిన్న ఫెర్నులు. నేను బోర్డు మీద గీసిన బొమ్మలో ఇంత తడి లేదు. రోడోడెండ్రాన్ పూలు చాలావరకు రాలిపోయి దారంతా ఎర్రగా ఉంది. చెట్ల మీద ఇంకా కొన్ని ఉన్నాయి. గైడు ఒక పువ్వు రేకు తుంచి ఇచ్చి తినమన్నాడు. పుల్లగా, కొంచెం తీపిగా ఉంది. నేను ఆ చెట్టు బెరడు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా పేరు చెబుతూ వచ్చిన చెట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క చూసి, దారి పక్కన నిలబడింది.

ఎక్కుడు దారి నిటారుగా అయ్యేసరికి అక్క నెమ్మదించింది. ఒక చోట కూర్చుని, "నాకోసం ఆగకు. నువ్వు ఎల్లి సూసొచ్చీ. నానిక్కడే కూకుంటాను" అంది.

"ఇద్దరం కలిసే వచ్చాం. ఇక్కడ కూర్చోడం కూడా నాకు బాగానే ఉందక్కా" అన్నాను. అది నిజమే. గైడు కూడా తొందరపెట్టలేదు. ఒక చెట్టు కింద పడుకుని టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాం. ఎక్కడో కలప కొట్టినట్టు వడ్రంగిపిట్ట చప్పుడు. అప్పుడు అక్క చిన్న గొంతుతో అంది. "పదిమందీ వచ్చుంటే ఏటయ్యేదో తెల్సా? మనిద్దరం ఆ ఇంట్లో కూకుని అందరికీ కూరలు తరుగుతుందుం."

నేను నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. గట్టిగా నవ్వకూడదు కదా. కానీ ఆ మాట నిజం. అంతవరకు రానివాళ్ళ మీద నాకు లోపల కొంచెం కినుక ఉండేది. అది అక్కడే పోయింది. ఒక్కొక్కరి మొహమూ తల్చుకుని, రానందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మంచు శిఖరాలు కనబడే చోటు అది. ఎదురుగా కొండల మీద కొండలు, వాటి మీద తెల్లటి మసక. వేసవి కదా, పొగమంచులా పట్టేస్తుంది, ఒక్కోరోజు ఏమీ కనబడదని గైడు నొచ్చుకున్నాడు. తెచ్చుకున్న పరాఠాలు తిన్నాం. తింటుండగా గైడు వేలు పైకెత్తాడు. మేం చూసినచోటే మళ్ళీ చూశాం, ఏమీ లేదు. "ఇంకా పైకి, మేడమ్" అన్నాడు. కొండల పైన, మసక పైన, ఆకాశమనుకున్న చోట ఒక తెల్లటి అంచు ఉంది. అంత ఎత్తున నేల ఉంటుందని మాకు తోచలేదు. కాసేపు నిలిచి, మళ్ళీ కలిసిపోయింది. అక్క చెయ్యి నా భుజం మీద ఉంది. ఎప్పుడు వేసిందో నేను గమనించలేదు.

దిగడం తేలికగానే సాగింది. మా బసకి చేరేసరికి పొద్దు వాలుతోంది. హోమ్‌స్టే ఇల్లాలు మా నడక చూసి, అడక్కుండానే పెద్ద బేసినులో వేణ్ణీళ్ళు తెచ్చి వరండాలో పెట్టింది. ఒక్కటే బేసిను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నాలుగు పాదాలూ అందులో పెట్టాం. అక్క మడమల పగుళ్ళు, నా కాలి వేళ్ళ మీద బొబ్బలు. అవతల లోయలో ఎవరో పశువుల్ని అదిలిస్తున్నారు.

"ఒలమ్మా, ఇన్నాళ్ళూ అడగనేదు" అంది అక్క. "నువ్వు ఇస్కూల్లో పిల్లలకి ఏటి సెప్తావు?"

నిజంగానే ఆవిడ ఎప్పుడూ అడగలేదు. మినుములు ఎప్పుడు చల్లుతారో, ఎప్పుడు పీకుతారో నేనూ ఆవిడని అడగలేదు. తడి వేలితో వరండా గచ్చు మీద ఒక కొండ గీశాను. అడుగున ఇక్కడ పైన్ చెట్లక్కా, పొద్దున చూశాం కదా, అని మొదలుపెట్టాను. అక్క ముందుకు వంగింది. నీళ్ళ గీత ఆరిపోతున్న చోటల్లా తనూ వేలు ముంచి మళ్ళీ దిద్దుతూ, "ఊఁ, ఆ పైన?" అంది.