హెళవాయన దఫ్తరంలో చిన్నాయన పేరు

నా చిన్నప్పుడు, బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో, జొన్న కోతలయ్యాక మా ఊరు చిమ్కోడ్‌కు హెళవాయన వచ్చేవాడు. ఎద్దు మీద ఊరూరా తిరుగుతూ ఇంటింటి వంశావళి చదవడం ఆయన కులవృత్తి. పాత దఫ్తరం విప్పి ఏడు తరాల పేర్లు వరసగా చదివి, కొత్త పేర్లు రాసుకుని, జొన్నలు పోయించుకుని వెళ్ళేవాడు.

ఆ రోజు కోసం మా పెదనాన్న ఏడాదంతా కాచుకునేవాడు. మా ఇంటిపేరు బీదర్ కోటలో ఒక రాతి మీద చెక్కి ఉందని చెప్పుకునేవాడు. ఆ రాయిని ఆయనతో సహా ఎవరూ చూడలేదు. ఏకాదశి భజన ఆయన గొంతెత్తనిదే మొదలయ్యేది కాదు. భాగవతంలో యశోద ఘట్టం రాగానే కళ్ళు తుడుచుకునేవాడు. అది చూసి నేను ఆయనే ప్రహ్లాదుడనుకునేదాన్ని.

మా చిన్నాయన మా నాయనమ్మ కన్న కొడుకు కాదు. నిర్ణా అనే ఊళ్ళో ఆయన తల్లి పురిట్లోనే పోతే, నాయనమ్మ ఆ పసివాణ్ణి ఒడిలో వేసుకుని తెచ్చి, మా నాన్నతో పాటే పాలిచ్చి సాకింది. కాగితం లేదు, దత్తత హోమం లేదు, అప్పటిదాకా దఫ్తరంలో పేరూ ఎక్కలేదు. ఒక ఏడు ఔరాద్ వాళ్ళు ఆయనకు పిల్లనిస్తామన్నారు. కాకపోతే, హెళవాయన దఫ్తరంలో పేరుంటేనే ఇస్తామన్నారు.

హెళవాయన కలం తీయగానే పెదనాన్న అడ్డుపడ్డాడు.

"వాని పేరు రాయకు. వాడు తెచ్చుకున్నోడు. మా ఇంటిపేరు వానికెట్ల వస్తది?"

చిన్నాయన వాకిట్లో హెళవాయన ఎద్దుకు చొప్ప వేస్తున్నాడు. విన్నాడు. ఇంకో చొప్పకట్ట విప్పాడు.

నాయనమ్మ చేటలో జొన్నలతో వచ్చి పెద్దకొడుకు ఎదురుగా కూర్చుంది.

"ఔ గని కొడకా, మొన్న ఏకాదశికి నందనందనా అని గొంతు చించుకుంటివి. కిష్టున్ని నందుడు కన్నడా?"

"వాసుదేవుడని గూడ అంటరు అవ్వా," అన్నాడు పెదనాన్న, శాస్త్రమంతా తనదే అయినట్టు.

"అంటరు. అట్లని నందుని పేరు కొట్టేసిన్రా? సాదినోళ్ళ పేరు చెప్పుకుంటందుకు దేవునికి లేని సిగ్గు నీకెందుకురా?"

హెళవాయన మీసాల్లో నవ్వుకున్నాడు. "పటేలా, నేను రెండూ రాస్త. కన్న ఇల్లు నిర్ణా, సాదిన ఇల్లు గిది. ఇంటిపేరు మాత్రం సాదినోళ్ళదే. మా తాతలప్పటి సంది నడుస్తున్న కాయిదా గిదే."

"భజన వేరు, వంశం వేరు," అన్నాడు పెదనాన్న.

అంతకన్నా నీచమైన మాట నేను ఏ నాస్తికుడి నోటా వినలేదు.

హెళవాయన రాశాడు. ఆరిన సిరా మీద చేయి పెట్టి చిన్నాయన పేరు పైకి చదివాడు, మా ఇంటిపేరుతో. చిన్నాయన చొప్పకట్ట అక్కడే వదిలేసి వచ్చి, నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. పెళ్ళి జరిగింది. పెదనాన్న ఒంట్లో బాగాలేదని అక్షింతలు వేయడానికి రాలేదు. ఆ సాయంత్రం భజనలో మాత్రం తాళం గట్టిగానే వేశాడు.

ఆయన పోయేదాకా పండగలకు ఆయన కాళ్ళకు మొక్కాను, పెద్దవాడు కనుక. ఆయన పాట వెనక మాత్రం మళ్ళీ గొంతు కలపలేదు. ఇవాళ్టికీ ఎవరినైనా గొప్ప భక్తులని చూపిస్తే, వాళ్ళింట్లో ఎవరిని పరాయివాళ్ళంటారో కనుక్కున్నాకే చేతులు జోడిస్తాను.