చంపని రంగు

మొన్న కోదాడ దగ్గర ఎవరిదో ట్రాక్టరు మా మనవడి కారును గీసుకుపోయి తలుపు పొడుగునా రంగు లేచిపోతే, సూర్యాపేటలో ఒక షెడ్డుకు తీసుకెళ్తూ, ఈ పని ఎరిగినవాణ్ణి కదా అని నన్నూ వెంటబెట్టుకుపోయాడు. అక్కడి మేస్త్రీ కారు రంగుకు ఉన్న నంబరేదో యంత్రంలో నొక్కితే నాలుగు నిమిషాల్లో అచ్చు అదే నీలం తయారైంది. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. పనయ్యాక డబ్బాలో కాస్త మిగిలితే, "తీస్కపో తాతా, ఇంట్ల దర్వాజకు గిట్ల పనికొస్తది" అని మంచి మనసుతోనే నా చేతికివ్వబోయాడు. నేను చేయి వెనక్కి లాక్కున్నాను. మనవడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పోలీసు చర్యకు ముందు, నిజాం రోజుల్లో మా సూర్యాపేటలో బస్సులకూ లారీలకూ రంగులేసే కార్ఖానా అంటే ఒక రేకుల కొట్టం, రెండు నిచ్చెనలు, నాలుగు కుంచెలు, అంతే. తుప్పు గీకి, సొట్టలు పూడేలా లప్పం పెట్టి, గరుకు కాగితంతో రేకు అరచేతికి నున్నగా తగిలేదాకా రుద్ది, ఆ తర్వాతే రంగు ముట్టుకోవాలి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, చేయి తిరిగిన పనివాణ్ణని కొంచెం పొగరు కూడా ఉండేది. కానీ రంగు కలపడం మాత్రం మా ఉస్తాద్ ఎవరికీ వదిలేవాడు కాదు. పొడులను అవిసెనూనెలో నూరి, గోటి మీద చుక్క పెట్టుకుని ఎండలో చూసుకుంటూ, ఒక్కో బండికి ఒక్కో రంగు పుట్టించేవాడు. అది బజారులో దొరకదు. దుమ్ములో దూరాన వస్తుండగానే ఇది ఫలానావారి బండి అని జనం చెప్పేయాలి, అదీ ఆయన గొప్ప. అందుకే ఆయనకొక కట్టుబాటు ఉండేది. పని కాగానే మిగిలిన రంగులో గుప్పెడు మసి పోసి కలిపి, అడుగుపూతల డబ్బాలో పారబోయాలి. దాన్ని రంగును చంపడం అనేవాడు. ఒకరి బండి రంగు ఇంకోచోట కనబడితే తన చేతికే అవమానమని ఆయన పట్టుదల.

ఆ ఏడు వచ్చిన బళ్ళలో ఒక లారీ, సర్కారు లెవీ పేరుతో రైతుల ధాన్యం గుంజుకోవడానికి ఊళ్ళ మీద పడేవాళ్ళది. దానికి మా ఉస్తాద్ కలిపిన ఆకుపచ్చను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, వాన వెలిసాక వరినారు మీద ఎండ పడితే ఉండే పచ్చ అది. ఆ లారీ ఏ పనికి పోతుందో నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

వేములపల్లి పక్క పల్లెలో మా అక్క ఉండేది. మాకు అమ్మ లేదు, పుట్టిల్లంటే నేనే, అందుచేత ఆమె కాన్పు అత్తవారింట్లోనే జరగాలి. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఇది నిలిచింది కదా అని బావ ఆ పాత మట్టి ఇంటిని బాగుచేయడం మొదలుపెట్టాడు. నేనూ సెలవు పెట్టి వెళ్ళి, వానకు కూలిన వెనక గోడకు మట్టి తొక్కి, పగిలిన గూనపెంకులు మార్చి, చెదలు తిన్న గడపకు కొత్త కర్ర వేశాను. సున్నాలయ్యాయి, అలుకులయ్యాయి, తలుపు మాత్రం ఎండకు నెరిసిపోయి వెలవెలబోతూ మిగిలింది. మా అక్క పుట్టి బుద్ధెరిగాక రంగు తలుపున్న ఇంట్లో ఉండలేదు. ఆమె అడగలేదు. నాకే మురిపెం. చంపకుండా చెంబులో దాచి తెచ్చిన పచ్చరంగును, లారీకి వేసినట్టే మూడు పూతలు వేశాను. అక్క తడి ఆరేదాకా దాని ముందే కూర్చుంది.

నేను సూర్యాపేటకు తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఆ లారీ వాళ్ళ ఊరికి వెళ్ళింది. ఇల్లిల్లూ సోదా చేసి, కుండల్లో దాచుకున్న గింజలు కూడా ఊడ్చుకుని, అడ్డం వచ్చినవాళ్ళను చావబాదారట. బావ వాకిట్లోకి వచ్చినవాళ్ళు మాత్రం తలుపు చూసి, ఇది మనవాళ్ళ ఇల్లే అనుకుని, లోపలికి రాకుండా మళ్ళిపోయారట. ఆ ఊళ్ళో గింజ పోనిది ఆ ఒక్క ఇంటికే. ఊరు ఏమనుకుంటుంది? బావ వాళ్ళ మనిషేనని నేనైనా అనుకునేవాణ్ణి. చాకలి రావడం మానేశాడు, బావ కనబడితే మాటలు ఆగిపోయేవి. సర్దిచెప్పబోయిన కొద్దీ ఆయన మీద అనుమానం బలపడింది.

నెలలు నిండాయని కబురొస్తే వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కోసం నేనే పరుగెత్తాను. ఆమె వాకిలిదాకా వచ్చింది, తలుపు చూసి ఆగిపోయింది. ఆ లారీవాళ్ళు ఆమె పెనిమిటి చెయ్యి విరగ్గొట్టారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రంగు నేను తెచ్చిందేనని కాళ్ళు పట్టుకున్నాను, సంచిలోంచి లప్పం కత్తి తీసి ఆమె కళ్ళముందే తలుపు గీకడం మొదలుపెట్టాను. ఆమెకూ కళ్ళనీళ్ళు తిరిగాయి.

"గీకితే చెక్క మీదికెళ్లి పోతది బిడ్డా, నా కండ్లల్లకెళ్లి యాడ పోతది? నా కాలు లోపలికి వస్తలేదు" అంది.

ఆమెను నేను ఆనాడూ తిట్టలేదు, ఈనాడూ తిట్టను. అక్కను ఎడ్లబండిలో పడుకోబెట్టి మిర్యాలగూడ దవాఖానకు బయల్దేరాం. దారిలోనే ఎండలో, గోనెపట్టా మీద కాన్పయింది. మగపిల్లవాడు, ఏడవలేదు. నేను వాణ్ణి తలకిందులు చేసి తట్టాను, నాకేం తెలుసు, రంగుపని తప్ప. నా గోళ్ళలో ఇంకా ఆ పచ్చ ఉంది.

వారం తర్వాత అక్క దవాఖాన నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చి, సగం గీకి వదిలేసిన తలుపు మీద చెయ్యి పెట్టి, "మంచిగనే ఉండె తమ్ముడా, ఎందుకు గీకినవ్?" అంది. కోపంతో అన్నా బాగుండేది. బతికినన్నాళ్ళూ ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఆమెకు మళ్ళీ కడుపూ పండలేదు.

షెడ్డులో ఆ మేస్త్రీని కాస్త నల్లరంగు అడిగి, మిగిలిన నీలంలో పోసి పుల్లతో కలిపాను. పెద్దాయన చాదస్తమనుకున్నట్టున్నాడు. చేతిపని పోయింది, అన్నీ యంత్రాలైపోయాయని నాలాంటి పాతకాలపు పనివాళ్ళంతా బాధపడతారు. నేను పడలేను. ఇప్పుడు ఏ రంగైనా ఎవరికైనా దొరుకుతుంది, తలుపు చూసి ఇది ఎవరి మనిషి ఇల్లని ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఆ యంత్రమే ఉండి ఉంటే, ఆ పచ్చ మరో పది తలుపుల మీద కూడా ఉండేది, మంత్రసాని లోపలికి వచ్చేది.