సెకనుకి నలభై చప్పుళ్ళు: అనకాపల్లి నుంచి విశాఖకి తమ్ముడితో ఒక రోజు

రూతు ఫోన్ చేసేసరికి నేను విజయవాడలో స్వస్థత సభలను తిడుతూ వ్యాసం రాస్తున్నాను. రూతు మా తమ్ముడు దావీదు భార్య. "వదినా, రేపు ఆదివారం నించి మాత్రలు మానేత్తానంటన్నాడు. నా మాట వినట్లేదు. నువ్వొచ్చి ఓపాలి అరువు" అంది. అరవడం నాకు చేతనైన పనే. దావీదుకి కొన్నేళ్ళ క్రితం ఎవరూ లేనిచోట గొంతులు వినిపించడం మొదలైంది. స్కిజోఫ్రేనియా అన్నారు. మాత్రలతో గొంతులు తగ్గాయి, మోటార్లు వైండింగ్ చేసే షాపులో మళ్ళీ పనికి కుదిరాడు. కానీ చర్చి పాటల బృందంలో చిన్నప్పటినుంచీ వాయిస్తున్న డోలకు మీద మాత్రం చెయ్యి వెనకబడుతోంది. సంఘపెద్దలు మర్యాదగానే పక్కన కూర్చోమన్నారు. ఆ పాపం మాత్రలదేనని వాడి తీర్మానం. మానేస్తే గొంతులు తిరిగొస్తాయని నా భయం. మీలో ఎవరికైనా ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్ళాల్సివస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మధ్యమధ్య నా కోపం కూడా తగులుతుంది, సర్దుకుపోండి.

విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అనకాపల్లిలో దిగొచ్చు. స్టేషను బయట ఆటో అతను ఇరవై అన్నాడు, పదిహేనుకి ఒప్పుకున్నాడు. బెల్లం బళ్ళ వెనక ఇరుక్కుని ఆటో ఆగినప్పుడు "బెల్లం బేరానికొచ్చేరేటమ్మా?" అని అడిగాడు. తమ్ముణ్ణి విశాఖలో మెదడు డాక్టరుకి చూపించడానికి అన్నాను. "మెంటలా?" అన్నాడు. చక్కెర జబ్బున్నవాణ్ణి "చక్కెరా?" అని పిలుస్తావా అని ఇల్లు చేరేదాకా తగులుకున్నాను. దిగేటప్పుడు, "మా మేనత్తకీ ఉందమ్మా ఆ జబ్బు. మేం బయటికి సెప్పం" అన్నాడు మెల్లగా. బేరంలో తగ్గించిన అయిదు రూపాయలూ కలిపి అతని చేతిలో పెట్టాను.

ఇంటి ముందు దావీదు స్టూలు మీద కూర్చుంటే రూతు వాడి తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పాపిడి తీసి దువ్వుతోంది. "పెద్ద డాక్టరు కాడికి బైరాగిలాగెళ్తాడేటి?" అంది. బస్సు కాంప్లెక్సు దగ్గర పెసరట్టు ఉప్మా తిని బస్సెక్కాం. విశాఖ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, టికెట్టు ఇరవై రూపాయల లోపే. లంకెలపాలెం దాకా హాయిగా సాగిన ప్రయాణం గాజువాక దగ్గర లారీల మధ్య నత్తనడకగా మారుతుంది. మొత్తం గంటన్నర వేసుకోండి.

మేం వెళ్తున్న విశాఖ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ మెదడు లయల మీద పరిశోధన చేస్తోందనీ, పరీక్షకి డబ్బు తీసుకోదనీ ఒక స్నేహితురాలు చెప్పింది. మామూలు వైద్యానికి ఆ పరీక్ష అక్కర్లేదని కూడా చెప్పింది. అయినా నాకది కావాలి. తప్పు జబ్బుదే, మాత్రలది కాదు అని పరీక్ష కాగితం మీది గీతల్లో చూపించి తమ్ముడి నోరు మూయించాలి.

టెక్నీషియను తలకి అంటించాల్సిన వైరు పట్టుకుని వాడి తల చూసి నవ్వాడు. "ఇంత నూనె మీద ఇయ్యి అతుకుతాయేటండీ? కడుక్కుని రండి." ఈ పరీక్షకి తలకి నూనె కూడదట. ఎదురు కొట్లో రూపాయికి షాంపూ ప్యాకెట్టు కొన్నాను. ఆసుపత్రి వెనక కుళాయి కింద దావీదు నడుం వంచి నిలబడ్డాడు. నలభై దాటిన తమ్ముడి తల రుద్దడం మొదలుపెట్టాను. నూనె ఒక పట్టాన వదల్లేదు.

"అక్కా," అన్నాడు కళ్ళు మూసుకునే. "సెప్తే అరుత్తావని సెప్పలేదు. పొద్దున్న నా సొక్కా గుండీలు రూతే పెడతాది. సెయ్యి బిగుసుకుపోతంది. డోలకొక్కటే కాదు."

నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

"ఆ గోల మళ్ళీ రావాలని నాకుంటాదేటి? మాత్రలు నన్ను బాగుసేసేయి, కాదన్ను. కానీ నా సెయ్యి నాకు కావాలి."

  నా కొంగుతోనే తల తుడిచాను. "సీర పాడైపోద్దే" అన్నాడు.

తలకి వైర్లు అంటించి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టారు. సెకనుకి నలభై టిక్కులు వినిపిస్తారు, మెదడు వాటి వెంట ఎంత బాగా నడుస్తుందో చూస్తారు. "ఎలాగుందిరా?" అని అడిగాను. "బేరింగు పోయిన మోటారులాగుందక్కా. ఇలాటియ్యి మా షాపుకి రోజూ వత్తాయి" అన్నాడు.

డాక్టరమ్మకి ముప్పై దాటి ఉండవు. ఆమె ఎదుటి కుర్చీలో నేను కూర్చుని కేసంతా చెప్పడం మొదలుపెట్టాను. "మీరు కాస్త లేస్తారా? ఆయన్ని కూర్చోనివ్వండి" అంది. లేచాను. దావీదు గుండీల సంగతి చెప్పుకున్నాడు. ఆమె వాడి చేతిని మోచేతి దగ్గర వంచి, మణికట్టు తిప్పి చూసింది. "పట్టేస్తోంది. ఇది మాత్ర వల్లే. మీరు చెప్పింది నిజమే" అంది. వాడు నా వైపు చూశాడు. గెలిచిన చూపు కాదది. ఎవరో తన మాట నమ్మారన్న చూపు. మానడం కాదు, మార్చడమంది డాక్టరమ్మ. పాతది మెల్లగా తగ్గిస్తూ కొత్తది మొదలుపెడదాం, గొంతులు వినిపిస్తే ఆ రోజే ఫోన్ చెయ్యమంది.

మరి ఈ గీతలేమిటని అడిగాను. మెదడులో ఉసిగొలిపే కణాలు ఎక్కువ, ఆపే కణాలు తక్కువ అంది. ఆ కొద్దిపాటి ఆపే కణాలు చుట్టుపక్కలవాటిని ఒక్కసారిగా ఆపి, ఒక్కసారిగా వదులుతాయి. అందుకే అన్నీ కలిసి మోగుతాయి. సెకనుకి నలభై సార్లు అటూ ఇటూగా మోగే ఆ లయ పేరు గామా. చూపూ మాటా జ్ఞాపకమూ ఒకచోటికి చేరడానికి అది తోడ్పడుతుందని అనుకుంటున్నారట. ఆపేవి బాగా బలహీనపడితే మూర్ఛ రావచ్చు. స్కిజోఫ్రేనియాలో ఈ లయ పలచబడటం చాలామందిలో చూశారు, మందు మొదలుపెట్టని వాళ్ళలో కూడా. "కానీ ఒక్క మనిషి గీత చూసి ఏదీ తేల్చలేం. డోలకు దెబ్బ వేరు, ఇది వేరు. కలిపెయ్యకండి" అని నన్నే హెచ్చరించింది. ఆపడమంటే అణచివేతే అని ముప్పయ్యేళ్ళుగా రాస్తున్న మనిషిని నేను. అణచేవాళ్ళ మీద నా కోపం తగ్గేది లేదు. కానీ ఆపడం తెలియని గుంపు పాట పాడలేదు, గోల చేస్తుందంతే. ఈ ముక్క నాకు చెప్పడానికి ఇంత చిన్న కణం కావాల్సొచ్చింది.

సాయంత్రానికి అనకాపల్లి చేరి తిన్నగా చర్చికి వెళ్ళాం. శనివారం పాటల సాధన. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, వెనక బెంచీలో కూర్చున్నాను. దావీదు గుమ్మం దగ్గరే నిలబడి, బృందాన్ని నడిపే ఎస్తేరు టీచరుకి సంగతి చెప్పాడు. చెయ్యి తిరిగి రావడానికి కొన్ని వారాలు పట్టచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఆవిడ డోలకు తీసి వాడి ఒళ్ళో పెట్టింది. "నీ సెయ్యి ఎంతలో నడుత్తాదో అంతలోనే కొట్టు. మేమే అక్కడికొత్తాం."

"ఇలాగైతే ఆరాధన అయ్యేసరికి ఇంటికాడ పప్పు మాడిపోద్ది" అన్నాడు సంఘపెద్ద ఒకాయన.

"మాడితే నువ్వు దింపుదువుగాని, ముందు పాడు మామా!" అంది వెనక వరస ముసలమ్మ. "ఇన్నాళ్ళకి మాకూ ఊపిరాడతాది."

దావీదు కొట్టాడు. ఎప్పటికంటే నెమ్మదిగా. చరణం చివర చెయ్యి డోలకు చర్మం మీద ఆనించి ఉంచాడు. అందరూ ఆగారు. ఊపిరి తీసుకున్నారు. కలిసి ఎత్తుకున్నారు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, ఎవరూ అడక్కుండానే రూతు ముందు అరచెయ్యి చాపాడు. ఆవిడ కొత్త మాత్ర అందులో పెట్టింది.

జబ్బు మనిషి గురించి మాట్లాడేవాళ్ళు మన దగ్గర దండిగా ఉన్నారు. ప్రార్థన చేసేవాళ్ళు, వ్యాసాలు రాసేవాళ్ళు, నాలాంటి అక్కలు. వాడి వేగానికి తమ పాట తగ్గించుకునేవాళ్ళు తక్కువ. వాళ్ళని వెతుక్కోండి, ఏ గుడిలో ఉన్నా సరే. ఇక ఒక్క సలహా: డాక్టరు ఎదుటి కుర్చీలో జబ్బు మనిషినే కూర్చోబెట్టండి. మీరు వెనక నిలబడి మొదటి పది నిమిషాలు నోరు మూసుకోండి. నేను మూసుకోగలిగానంటే ఎవరైనా మూసుకోగలరు.